పెద్దల్లుడు కార్డు కొన్న వైనం

మానవజాతి చరిత్రను రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం అని పంచిపెట్టిన పండితులు ఒక యానిమేషన్ స్టూడియో సంగతి మరిచిపోయారు. మందుల దుకాణం పైన, మేడ మీద మూడు గదుల్లో నడిచే ఆ స్టూడియో చరిత్రలో యుగాలు రెండే. "దీనికి లినక్స్‌లో డ్రైవరుందా?" అని పెద్దల్లుడు అడగకముందు ఒకటి, అడిగాక ఒకటి. మొదటి యుగంలో జనం వస్తువులు కొనుక్కొచ్చి, తీగ తగిలించి, వాడుకునేవారట. ఆ కాలం నాటి మనుషుల్లో ఓనరమ్మ, అకౌంటెంటుగారు మాత్రమే ఇంకా కొలువులో ఉన్నారు. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఇద్దరూ గొంతు తగ్గిస్తారు.

ఆ ప్రశ్నకు గురికాని వస్తువు లేదు. కీబోర్డు, ప్రింటరు, కెమెరా, వేలు పెడితే హాజరు పడే యంత్రం, అన్నీ దాని ముందు తల వంచుకుని నిలబడ్డవే. మంచినీళ్ళ ఫిల్టరు బిగించడానికి వచ్చిన మనిషిని కూడా అడిగాడని చిన్నల్లుడు ఊరంతా చాటాడు. అది పచ్చి అబద్ధం. అడిగింది ఏసీ బిగించేవాణ్ణి. అది ఫోనుతో కూడా నడుస్తుందని ఆ మనిషే నోరు జారాడు.

ఇక్కడ డ్రైవరంటే స్టీరింగు పట్టుకునే మనిషి కాదు. కంప్యూటరుకూ దానికి తగిలించిన వస్తువుకూ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఉండి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసే చిన్న ప్రోగ్రాము డ్రైవరు. అది లేకపోతే ఎంత గొప్ప వస్తువైనా బల్ల మీద బరువే. లినక్స్ కంప్యూటరును నడిపే వ్యవస్థల్లో ఒకటి. ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, దాని గుండెకాయ పేరు కెర్నెల్. మంచి కంపెనీలు తమ వస్తువు డ్రైవరును ఆ గుండెకాయలోనే పెట్టేస్తాయనీ, చెడ్డ కంపెనీలు తమ దగ్గరే మూసిపెట్టుకుని చుక్కలు చుక్కలుగా పోస్తాయనీ పెద్దల్లుడి సిద్ధాంతం. మనుషుల్లో మంచి చెడ్డల గురించి అతనికి ఇంత స్పష్టమైన అభిప్రాయం లేదు.

పెద్దల్లుడనీ చిన్నల్లుడనీ అంటున్నా వీళ్ళు ఓనరమ్మకు అల్లుళ్ళు కారు. ఆవిడకు కూతుళ్ళే లేరు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను చేసుకున్న తోడల్లుళ్ళు. వాళ్ళ అత్తగారు ఒకసారి ఆఫీసుకు ఫోన్ చేసి, "మా పెద్దల్లుడున్నాడా? పోనీ చిన్నల్లుడు?" అని అడిగింది. ఆ పూటనుంచి వాళ్ళ అసలు పేర్లు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా కనిపించలేదు.

పెద్దల్లుడు మొదట్లో ఒక ఫొటో స్టూడియోలో పాత ఫొటోలకు ప్రాణం పోసేవాడు. మడతలు పడ్డ తాతలను, ముక్కు చెరిగిపోయిన మామ్మలను స్కానరు మీద బోర్లా పడుకోబెట్టి, కంప్యూటరులో మరమ్మతు చేసి పంపేవాడు. ఆ స్కానరు గాజు మీద గీత పడనిచ్చేవాడు కాదు. ఒకనాడు యజమాని కంప్యూటరు వ్యవస్థను కొత్తదానికి మార్చాడు. స్కానరు పలకలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ పాతబడిందనీ, కొత్త వ్యవస్థకు దాని డ్రైవరు ఇవ్వబోమనీ, కొత్త స్కానరు కొనుక్కోమనీ ఒక మృదువైన గొంతు చెప్పింది. నిక్షేపంలా ఉన్న వస్తువును ఎక్కడో కూర్చున్న ఎవడో చచ్చిపోయిందని ప్రకటించడం పెద్దల్లుడి జీవితంలో మొదటి పెద్ద అవమానం. పుస్తకాలు తెచ్చుకుని, తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి లినక్స్ నేర్చుకున్నాడు. అదే స్కానరు లినక్స్‌లో లేచి కూర్చుంది. ఆ క్షణంలో అతనికి కలిగిన ఆనందం తర్వాత తన చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చాలా ఖరీదైంది.

ఓనరమ్మ ఒకప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసేది. ఇప్పుడు ఇంకా కట్టని ఇళ్ళను కట్టేసినట్టు చూపించే సినిమాలు తీయిస్తుంది. పునాది కూడా తియ్యని అపార్టుమెంటులో పదో అంతస్తు బాల్కనీలో కర్టెను ఊగుతుంటుంది, దాన్ని చూసి జనం ఫ్లాటు కొంటారు. ఈ బొమ్మలన్నీ ఒక పెద్ద కంప్యూటరులో తయారవుతాయి. అది పనిచేస్తుంటే గదంతా సెగ కొడుతుంది గనక దానికి పొయ్యి అని పేరు. బొమ్మలు ఉడికాయా లేదా అనే అక్కడ అందరూ అడుగుతారు. పొయ్యిలో అసలు పని చేసేది గ్రాఫిక్స్ కార్డు. పొయ్యితో సహా ఆఫీసులో ఉన్న మిషన్లన్నిటి చార్జీ, అంటే బాధ్యత, పెద్దల్లుడిది.

చిన్నల్లుణ్ణి అక్కడికి తెచ్చింది పెద్దల్లుడే. తెచ్చాడనడం కన్నా తేవలసి వచ్చిందనడం సబబు. "మా చెల్లెలి మొగుడు ఖాళీగా కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగుతోందండీ?" అని భార్య ప్రతి పూటా ముద్ద దిగే వేళకే అడిగేది. చిన్నల్లుడు పనివాడే. అతను కంప్యూటరులో చేసిన చెట్టు చూస్తే కింద కూర్చోవాలనిపిస్తుంది. కానీ అతనికి లినక్స్ అంటే ఒళ్ళు మంట. చేరిన కొత్తలోనే తన మిషన్లో ఎవరికీ చెప్పకుండా వేరే వ్యవస్థ దొంగ కాపీ ఒకటి ఎక్కించుకుని, దాంట్లో ఒక తోట చేయడం మొదలుపెట్టాడు. రాళ్ళు, నాచు, నీళ్ళలో ఆకుల నీడలతో సహా. అది దాదాపు పూర్తయిన రోజున పెద్దల్లుడు తనిఖీకి వచ్చి, దొంగ వ్యవస్థను చూసి, ఒక్కమాట అనకుండా మొత్తం తుడిచేశాడు. తోట పోయింది. తన తోటను చంపేశాడన్నది చిన్నల్లుడి అభియోగం. తాను తుడిచింది దొంగ వ్యవస్థనేననీ, అందులోకి వెళ్ళి కూర్చోవడం తోట తప్పనీ పెద్దల్లుడి వాదన.

ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో వీపు వీపు ఆనేటట్టు కూర్చుంటారు. అయినా పని జరగాలి గనక మధ్యలో అకౌంటెంటుగారు ఉండేది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఎవరికీ భయపడదు. "ఆ మొండి ఘటానికి చెప్పండి, నా మిషను నత్తతో పందెం వేసి ఓడిపోయేలా ఉందని," అని చిన్నల్లుడంటే, ఆవిడ కుర్చీ తిప్పి, "మిషను కొంచెం నిదానంగా ఉందట," అని అందించేది. "చెయ్యడం చేతకానివాడికి ప్రతి మిషనూ నిదానమే," అని ఇటునుంచి వస్తే, "చూస్తానన్నాడు," అని అటు ఇచ్చేది. ఆ ఇద్దరి మధ్య డ్రైవరు ఆవిడే. తమ తిట్లు పలచబడి చేరుతున్నాయని రెండు పక్షాలకూ అనుమానం ఉండేది.

ఇలా కడుపులో పెట్టుకుని సాగుతున్న పగ ఒక మధ్యాహ్నం బయటపడింది. పొయ్యిలో ఉన్నది మూసిపెట్టుకునే కంపెనీ కార్డు. పెద్దల్లుడు రాకముందే కొన్నది. ఆ కంపెనీని అతను తాళం కంపెనీ అంటాడు. డ్రైవర్లను కెర్నెల్లోనే ఉంచే రెండో కంపెనీ అతని భాషలో తలుపు కంపెనీ. ఆ ముందురోజు అతను కెర్నెల్‌కు చిన్న మరమ్మతు ఒకటి ఎక్కించాడు. తాళం కంపెనీ డ్రైవరు దానితోపాటు కదల్లేదు. మర్నాడు తన అపార్టుమెంటు సినిమా చూడ్డానికి, అది తీయించుకున్న బిల్డరు బంధువర్గంతో వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తెర నల్లగా ఉంది. ఇది రాత్రి దృశ్యమేమోనని ఆయన చాలాసేపు మర్యాదగా చూశాడు.

తప్పు కంపెనీదన్నాడు పెద్దల్లుడు. తప్పు కెర్నెల్ కెలికినవాడిదన్నాడు చిన్నల్లుడు. ఇద్దరూ అకౌంటెంటుగారితోనే అన్నారు, బిల్డరు వింటుండగా. ఆవిడ మొదటిసారి మాటలు అందించడం మానేసి సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. కంపెనీని కనుక్కుంటే ఆ కార్డు పాతబడిందనీ, దానికి ఇక డ్రైవర్లు ఇవ్వబోమనీ అదే మృదువైన గొంతు చెప్పింది. పెద్దల్లుడి ముఖంలో దుఃఖం కన్నా గర్వం ఎక్కువ కనపడింది. తను ముందే చెప్పాడు.

ఓనరమ్మకు ఆ గర్వమే మండింది. ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి నిలబెట్టింది.

"పెద్దల్లుడూ, కొత్త కార్డు నువ్వే ఎంచు. నీ డ్రైవరు గోలంతా తనివితీరా చూసుకునే ఎంచు. కానీ ఈసారి తేడా వచ్చిందో, మిషన్ల చార్జీ చిన్నల్లుడికి ఇచ్చేస్తా. మౌసు పాడైనా నువ్వు అతన్నే అడగాలి."

చార్జీ వల్ల పెద్దల్లుడికి ఒరిగేది ఏమీ లేదు. ఒక తాళంచెవుల గుత్తి, కొన్ని పాస్‌వర్డులు, ఏది చెడినా ముందుగా పడే తిట్లు. కానీ పోతే మాత్రం, "తమ్ముడూ, నా మౌసు పనిచెయ్యట్లేదు, కాస్త చూస్తావా," అనే వాక్యం తన నోట రావాలి. ఆ వాక్యాన్ని మనసులో ఒకసారి అనుకుని చూశాడు. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న, దానికి డ్రైవరు దొరకలేదు.

అతని పరిశోధన మొదలైంది. ముక్కూ మొహం తెలియని మనుషులు ఇంటర్నెట్లో పెట్టుకున్న మొరలన్నీ చదివాడు. ఒక పద్ధతి ఉంది అతనికి: కార్డును పొగిడినవాళ్ళను నమ్మడు, తిట్టినవాళ్ళను నమ్ముతాడు, తిట్టి తర్వాత నోరు మూసుకున్నవాళ్ళను అందరికన్నా ఎక్కువ నమ్ముతాడు, వాళ్ళకు పరిష్కారం దొరికి ఉంటుందని. తలుపు కంపెనీ కార్డుల్లో ఏది నిద్రపోయి లేచాక తెర చూపించదో, ఏది ఫ్యాను ఆపదో అతనికి కంఠతా వచ్చేసింది. సొంత బావమరిది ఏం ఉద్యోగం చేస్తున్నాడో మాత్రం తడుముకుంటాడు.

తరువాత దుకాణాల మీదికి వెళ్ళాడు. జేబులో ఎప్పుడూ లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవు ఉంటుంది. దుకాణంలో చూడ్డానికి పెట్టిన కంప్యూటరుకు దాన్ని గుచ్చి, లినక్స్‌లో లేపి, లోపలి కార్డు పలుకుతుందో లేదో చూడందే మాట్లాడడు. కంప్యూటరు దుకాణాలవాళ్ళు అతన్ని దూరంనుంచే గుర్తుపట్టి ప్లగ్గులు పీకేసేవారు. ఒకాయనకు మాత్రం ఆలస్యంగా తెలిసింది. అప్పటికే తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెడుతున్నాయి.

"సార్, మీరు కార్డు కొనడానికొచ్చారా, దత్తత తీసుకోడానికొచ్చారా?" అన్నాడు దుకాణదారు.

"డ్రైవరుందో లేదో చూస్తున్నా."

"నేను ఇన్నేళ్ళుగా అమ్ముతున్నా, ఎవరూ అడగలేదు."

"అందుకే అమ్ముతున్నారు," అన్నాడు పెద్దల్లుడు, పెన్‌డ్రైవు తీసి జేబులో వేసుకుంటూ.

ఆ దుకాణంలోకి అతనికి ప్రవేశం లేదని గాజు తలుపు మీద రాయలేదు గానీ, అతను వస్తుంటే తలుపు వెనక బోర్డు తిప్పి, మూసివేయబడింది అన్న వైపు పెట్టేవారు. చివరకు తలుపు కంపెనీ కొత్తగా విడుదల చేసిన కార్డు ఒకటి అతని మనసుకు నచ్చింది. ఇలా నచ్చడం అతని జీవితంలో పెళ్ళి తర్వాత ఇదే మొదటిసారి అని భార్య అంది. మెచ్చుకోలుగా అనలేదు.

సెలవునాడు అత్తగారింట్లో భోజనాలు. అక్కడ అకౌంటెంటుగారు లేదు గనక ఆ బాధ్యత అత్తగారిది. ఆవిడకు పాపం కంప్యూటర్లు తెలియవు, ఉన్నదున్నట్టు అందిస్తుంది. అందువల్ల ఇంట్లో గొడవలు ఆఫీసుకన్నా స్వచ్ఛంగా ఉంటాయి. చిన్నల్లుడు అన్నం కలుపుకుంటూ, ప్లేటులోకి చూస్తూ మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, మీ పెద్దల్లుడు ఎంచిన కార్డు మొన్ననే పుట్టింది. ఆఫీసు మిషన్లలో ఆయనగారి కెర్నెల్ దానికి తాత వయసుది. పనిచేసేదాన్ని కదపకూడదని ఏళ్ళ తరబడి కొత్తది ఎక్కించలేదు, పైపై అతుకులే. మొన్న పుట్టిన కార్డుకి ఆ ముసలి కెర్నెల్లో డ్రైవరు ఎలా ఉంటుందో కనుక్కోండి."

"ఎలా ఉంటుంది నాయనా?" అంది అత్తగారు పెద్దల్లుడి వైపు తిరిగి.

పెద్దల్లుడు ఆఫీసు కెర్నెల్ వయసు లెక్కేసుకున్నాడు. ఉండదు. ఇన్నాళ్ళుగా అతను చూసిందల్లా కొత్త కెర్నెల్లో ఆ కార్డుకు డ్రైవరుందా అనే. తమ కెర్నెల్ ఏ కాలం నాటిదో అతనికి గుర్తే రాలేదు, తన నిష్ఠ తనకే అడ్డం వస్తుందని ఎవరికి తోస్తుంది. ప్రపంచంలో ఈ సంగతి పట్టుకోగల మనుషులు కొద్దిమందే ఉంటారు. వాళ్ళలో ఒకడు తన మరదలి మొగుడు కావడమే అన్యాయమనిపించింది.

మరదలు మజ్జిగ గిన్నె అతని ముందు కొంచెం గట్టిగానే పెట్టింది. "మాట్లాడరేం బావగారూ? తుడిచెయ్యడం ఒక్కటే వచ్చా మీకు?"

"నువ్వు నోర్మూసుకో," అంది అక్క. "మీ ఆయనకి ఆ కుర్చీ ఎవరి పుణ్యమో మరిచిపోకు."

"పుణ్యం చేసినట్టు రోజూ గుర్తుచేస్తుంటే ఎలా మరిచిపోతామక్కా."

అక్కచెల్లెళ్ళ మధ్య మాటలకు డ్రైవరు అక్కర్లేదు, అవి కెర్నెల్లోనే ఉన్నాయి. పెద్దల్లుడు చెయ్యి కడుక్కుని, తాళంచెవుల గుత్తి తీసుకుని, సెలవునాడే ఆఫీసుకు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ముట్టనిదాన్ని ముట్టాడు. కొత్త లినక్స్ ఎక్కించి, కొత్త కెర్నెల్లో ఆ కార్డు డ్రైవరు ఉందని కళ్ళారా చూసి, బొమ్మలు ఉడికించే ప్రోగ్రాము ఆ కార్డును ఒప్పుకుంటుందని రూఢి చేసుకుని, ఓనరమ్మకు చెప్పాడు. అంతా సిద్ధం, కార్డు తెప్పించవచ్చు.

ఆవిడ ఊరుకోలేదు. చిన్నల్లుడి మాట కూడా వింటానంది. అతను తాళం కంపెనీ కొత్త కార్డునే కొనమన్నాడు. బొమ్మలు దాంట్లో తొందరగా ఉడుకుతాయన్నాడు, అది నిజమే. ఆ గదిలో అకౌంటెంటుగారు లేకపోవడంతో తోట పోయిన తర్వాత మొట్టమొదటిసారి తోడల్లుళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. చరిత్రాత్మకమైన ఆ సంభాషణ ఇది:

"నీ కార్డు అంత పరిగెత్తి ఎక్కడికి పోతుంది? వాడు తాళం వేస్తే గుమ్మంలోనే ఆగుతుంది."

"నీ కార్డుకి తలుపు బార్లా తెరిచే ఉంటుంది అన్నయ్యా. లోపల మనిషే ఉండడు."

"అన్నయ్యా అనకు."

"సరే. నా తోట ఇచ్చెయ్యి, అసలు పిలవనే పిలవను."

ఓనరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ సైగ తెలిసినవాళ్ళు గనక ఇద్దరూ ఆగారు. ఎంచమన్నది పెద్దల్లుణ్ణి గనక అతను ఎంచిందే కొంటున్నాననీ, చార్జీ పందెం మాత్రం అలాగే ఉందనీ చెప్పి పంపేసింది.

కార్డు వచ్చిన రోజు ఆఫీసులో పని ఆగిపోయింది. అకౌంటెంటుగారు కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ఓనరమ్మ గుమ్మంలో నిలబడింది. చిన్నల్లుడు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కొత్త తాళంచెవులను ఊహలోనే ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటున్నవాడి ముఖం అది. పెద్దల్లుడు పొయ్యిని ఆపి, ప్లగ్గు తీసి, పక్కరేకు విప్పి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాత కార్డును శత్రువు శవాన్ని దించినట్టు దించాడు. కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి, వెండిరంగు సంచీలోంచి రెండు చేతులతో పైకి తీశాడు. కొత్త వస్తువు వాసన గదంతా వచ్చింది. కెర్నెల్ సిద్ధంగా ఉంది, డ్రైవరు సిద్ధంగా ఉంది. కంపెనీవాడు ఎప్పుడైనా చేతులెత్తేస్తే తమంతట తామే నడుపుకోవడానికి కూడా ఏర్పాటు ఉంది. అతను కార్డును లోపలికి నెట్టాడు.

కార్డు సగం వెళ్ళి ఆగింది.

కొంచెం వాల్చి నెట్టాడు. కొంచెం ఎత్తి నెట్టాడు. అవతలి కొసన హార్డ్‌డిస్కులు బిగించే ఇనుప అర ఉంది. దాన్ని విప్పడానికి మరలు లేవు, అది పొయ్యి ఒంటిపెట్టెకే, అంటే కేబినెట్టుకే, అతికి ఉంది. కార్డు బొటనవేలంత పొడుగు ఎక్కువ.

ఆ కేబినెట్టును పెద్దల్లుడు ఎన్నిసార్లు విప్పి దులిపాడో అందరికీ తెలుసు. చిన్నల్లుడు గోడనుంచి వీపు తీసి, గొంతు సవరించుకుని, ఏదో అనబోయాడు.

"నువ్వాగు," అంది ఓనరమ్మ. "నువ్వు చెప్పిన కార్డయితే పట్టేదా?"

చిన్నల్లుడు ఫోను తీశాడు. తాళం కంపెనీ కార్డు కొలతలు వెతికాడు. చదివాడు. అబద్ధం చెబితే పోలా అని అతని ముఖంలో ఒక ఆలోచన వచ్చి, పెద్దల్లుడు తనవైపే చూస్తుండటం చూసి వెళ్ళిపోయింది.

"పట్టదండి," అన్నాడు. "అది ఇంకా పొడుగు."

"చార్జీ పెద్దల్లుడి దగ్గరే ఉంటుంది," అంది ఓనరమ్మ, మోకాళ్ళ మీదున్న అతనివైపు తిరిగి. "నువ్వు గొప్పవాడివని కాదులే అబ్బాయ్. మార్చడానికి నాకు ఇంకో మనిషి ఉండాలిగా, ఉన్నవాడూ నీలాంటివాడే. ఇద్దరూ కలిసి వెళ్ళి ఇంతకన్నా పెద్ద కేబినెట్టు తీసుకురండి. ఒకే బండి మీద వెళ్ళండి, పెట్రోలు దండగ."

పెద్దల్లుడు నడిపాడు. చిన్నల్లుడు వెనక కూర్చుని, పట్టుకోవడానికి తోడల్లుడి భుజం ఎదురుగానే ఉన్నా బండి సీటునే పట్టుకున్నాడు. ఒక మలుపులో ఒకరు కుడి అన్నారు, ఒకరు ఎడమ అన్నారు, బండి తిన్నగా పోయింది.

కేబినెట్ల దుకాణంలో గోడవారగా నిలువెత్తున పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఇద్దరూ చెరో పెట్టె ముందుకు వెళ్ళి నిలబడ్డారు. కార్డు పొడవు ఈసారి ఇద్దరికీ నోటికి వచ్చు. ఇద్దరూ ఒకేసారి చెప్పారు, ఒకే అంకె చెప్పారు. దుకాణదారు తలూపి, దానికి సరిపడేవి ఇవిగో అని రెండు మూడు చూపించి, పొయ్యి పెట్టే బల్ల కింద ఎత్తు ఎంతుందని అడిగాడు.

అది ఇద్దరూ కొలవలేదు.